ముందుకు వెళ్ళమంటారా?

మార్చి 3, సోమవారం

ఇవాళ కూడా చేరలేదు. మిగతావాటిని నడిపే తల మిషను లేచింది, కింది మిషన్లూ లేచాయి. పోయి దాంతో చేరండి అంటే మాత్రం అలిగిన చుట్టాల్లా తలో మూల కూర్చున్నాయి. నేను చేత్తో చేస్తే టీ చల్లారేలోపు అయిపోయే పని. దాన్నే స్క్రిప్టు చేత, నేను రాసిపెట్టిన ఆదేశాల వరసల చేత, చేయించమంటే తల ప్రాణం తోకకొస్తోంది.

గడియారం పొద్దున మళ్ళీ పిలిచాడు. మాట్లాడుతున్నంతసేపూ మణికట్టు కేసి చూసుకునే మనిషిని మేనేజరనడం దండగ. నెలాఖరుకి పాత సర్వర్లు ఖాళీ చేసేస్తున్నారు. ఆ తర్వాత ఏ బస్సు ఎక్కడుందో చెప్పే బస్టాపు బోర్డులన్నీ ఈ మిషన్ల గుంపు, మా కొత్త క్లస్టరు మీదే నడవాలి. అది ఎప్పుడైనా కుప్పకూలితే, దాని గురించి అక్షరం ముక్క తెలియని మనిషి కూడా ఒక్క కమాండు కొట్టి, అది మొదటినుంచీ దానంతటదే లేచేదాకా కాళ్ళు చాపుకుని కూర్చోగలగాలట. "మీరున్నా లేకపోయినా లేవాలి" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకే ఎక్కడో గుచ్చుకుంది.

పోయిన నెల ఒక మిషను చెరపబోయి ఇంకోటి చెరిపి, ఓ పూటంతా బోర్డులు నల్లబడేట్టు చేశాను కదా. అప్పటినుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తున్నాను. అందుకే ఆలస్యం. వేరే ఏమీ కాదు.

బావ ఫోను చేశాడు. మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తానని మెసేజి పెట్టాను. మీటింగు లేదు. తర్వాత చెయ్యనూ లేదు.

మార్చి 4, మంగళవారం

ఆస్పత్రి నుంచి ఫోను. ఆపరేషన్ల తారీఖులు చూసే నర్సమ్మ. పన్నెండో తారీఖు ఖాళీ ఉంది, అక్కకీ నాకూ పక్క పక్క గదులు దొరుకుతాయి, సరేనా అంది. ఇంకో రెండు వారాలు ఆఫీసులో ఊపిరి తీసుకునే తీరిక లేదన్నాను. గడియారం సెలవు ఇవ్వడు. ఆ మాటే చెప్పాను. పాపం, ఆవిడ విసుక్కోలేదు. ఇరవయ్యో తారీఖు పెన్సిలుతో రాసుకుంటానంది.

పెన్సిలు అన్నందుకు ఎంత హాయిగా అనిపించిందో.

మార్చి 6, గురువారం

దొరికింది! కింది మిషన్లు తల మిషనుతో చేరాలంటే ఒక టోకెన్ చూపించాలి. ఆ టోకెన్ ఒక్క రోజే చెల్లుతుంది. నేను మొదటి రోజు వచ్చిన టోకెన్‌ని అలాగే స్క్రిప్టులో అతికించి, వారం నుంచీ చెల్లని చీటీ చేతికిచ్చి లోపలికి పొమ్మంటున్నాను. ఎవరైనా చేస్తే ఎకసెక్కం చేసేదాన్ని.

ఇప్పుడు ఎప్పటికప్పుడు కొత్త టోకెన్ తీసుకునేట్టు మార్చాను. నా ఎదురుగా చక్కగా లేచింది. టీచరమ్మని పిలిచి చూపించాను. ఆవిడ ఇదివరకు బళ్ళో లెక్కలు చెప్పేవారు, నలభై దాటాక ఈ పనిలోకి వచ్చారు. ఇప్పటికీ తప్పు కనపడితే చూపుడువేలు లేస్తుంది. నేను లేనప్పుడు ఈ క్లస్టరు ఆవిడ చేతికే వెళ్తుంది. నేను లేనప్పుడు అని రాస్తుంటే చెయ్యి ఆగింది. సెలవులో ఉన్నప్పుడు అని.

మార్చి 8, శనివారం

బావకి డ్యూటీ, అందుకని డయాలసిస్‌కి అక్క పక్కన నేను కూర్చున్నాను. వాల్చిన కుర్చీలు, వాటి పక్కన మిషన్లు, గోడ మీద గొంతు నొక్కేసిన టీవీ. అక్క చెయ్యి చాపి పడుకుని, ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది. నీళ్ళు తాగడానికి లేదు కదా, అరచేతిలో దాగే బుల్లి గ్లాసుతో కొలిచి తాగాలి. అందుకే ఐసు. నేను గుటగుటా నీళ్ళ సీసా ఎత్తి, మధ్యలో గుర్తొచ్చి దించేశాను. "తాగవే, దిష్టి పెట్టన్లే" అంది.

పక్క కుర్చీలో పెద్దాయన గురక పెడుతున్నాడు. ఆయన తమ్ముడు ప్రతిసారీ తోడు వస్తాడట. వచ్చిన దగ్గర్నుంచీ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. పేజీ తిప్పడం నేను చూడలేదు.

ఆఫీసులో ఏం వెలగబెడుతున్నావని అక్క అడిగింది. చెప్పాను. ఒక పెద్ద మిషనుని లోలోపల భాగాలు చేసి ఉత్తుత్తి మిషన్లు తయారు చేస్తాం. వాటిల్లో పెట్టెలు పెడతాం, ఒక్కో పెట్టెలో ఒక్కో ప్రోగ్రాము. ఏ పెట్టె ఎక్కడుండాలో, ఏది చచ్చిపోతే దాని బదులు ఏది లేవాలో తల మిషను చూసుకుంటుంది. ఇదంతా చేత్తో కాకుండా దానంతటదే తయారయ్యేట్టు చెయ్యాలి.

"అంటే మమ్మల్నందర్నీ వరసగా పడుకోబెట్టి ఆ నర్సు చూసుకుంటున్నట్టు" అంది అక్క. ఇంతకన్నా బాగా గడియారానికి కూడా నేను చెప్పలేకపోయాను.

తారీఖు సంగతి అడగలేదు. ఎప్పుడూ అడగదు. నా కిడ్నీ దానికి సరిపోతుందని తెలిసిన రోజున బావ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నేను తలూపాను. అది అటు తిరిగి పడుకుంది. అంతే, అక్కడితో అయిపోయింది ఆ సంభాషణ.

మార్చి 9, ఆదివారం

పై వాటాలో ఎవరో కుర్చీ జరుపుతున్నారు. పొద్దున్నుంచీ.

మార్చి 11, మంగళవారం

ఆఖరి పరీక్షలన్నారని ఆస్పత్రికి వెళ్ళాను. రక్తం తీశారు, ఊపిరి పట్టమన్నారు, వదలమన్నారు. తర్వాత డాక్టరుగారు బావని బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, నాతో ఒక మాట అన్నారు.

రాయను.

టోకెన్ సంగతి అయిపోయింది కాబట్టి ఇప్పుడు స్క్రిప్టు ఎవరూ లేకుండా నడవాలి. తెల్లవారుజామున అందరూ రాకముందే దానంతటదే మొదలయ్యేట్టు టీచరమ్మ సమయం పెట్టారు. మిషన్లన్నీ చెరిపి, సున్నా నుంచి లేపాలి. మేం వచ్చేసరికి లేచి ఉంటే పని అయిపోయినట్టే.

అయిపోతుంది. రేపో ఎల్లుండో అయిపోతుంది.

మార్చి 12, బుధవారం

ఆపరేషను ఇవాళే అవ్వాల్సింది.

మార్చి 14, శుక్రవారం

లేవలేదు. నిన్నా లేవలేదు, ఇవాళా లేవలేదు. తల మిషను ఒక్కటే మెలకువగా ఉంది, మిగతావి పుట్టాయి గానీ దాంతో చేరలేదు. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు, తప్పు అని ఎక్కడా లేదు. సగం దారిలో నడుస్తున్నవాడు ఏమీ చెప్పకుండా పక్క సందులోకి తిరిగిపోయినట్టు స్క్రిప్టు ఆగిపోయింది.

నేను కూర్చుని నా చేత్తో నడిపాను. లేచింది! చెరిపేసి మళ్ళీ నడిపాను. మళ్ళీ లేచింది. మనిషి ఎదురుగా ఉంటే ఒళ్ళు వంచి పని చేస్తుంది, కనుమరుగైతే ముసుగు తన్ని పడుకుంటుంది.

టీచరమ్మతో నవ్వులాటకి, "నా చెయ్యి పడితే గానీ లేవదండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "అలాగైతే మీరు సెలవు మీద వెళ్ళినట్టే" అన్నారు.

నిజమే మరి. ఇలాంటి పరిస్థితిలో వదిలేసి ఎలా వెళ్తాను? ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు. నెలాఖరుకి పాత సర్వర్లు పోతాయి. బస్సుల కోసం నిలబడేవాళ్ళు ఏమైపోవాలి.

మార్చి 15, శనివారం

ఆఫీసుకి వచ్చాను. అక్క దగ్గరికి బావ వెళ్ళాడు. మిషన్ల అడ్రసులు మార్చి చూశాను, వాటి మధ్య కాపలాకి పెట్టిన ఫైర్‌వాల్ గోడలు తీసి చూశాను, మిషన్లకి ఇంకాస్త మెమరీ ఇచ్చి చూశాను. నా ఎదురుగా అన్నిసార్లూ లేచింది.

కాళ్ళూ చేతులూ ఊరుకోవడం లేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. నీళ్ళ దగ్గరికి వెళ్తాను, తాగకుండా వస్తాను. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళి ఎదురుగా ఉన్న స్టాపులో బోర్డు చూసి వస్తాను. పరీక్ష కోసం ఆ ఒక్క బోర్డునీ కొత్త క్లస్టరుకి కట్టాం. వెలుగుతూనే ఉంది. వెలుగుతోందని తెలిసి కూడా మళ్ళీ వెళ్తాను.

మార్చి 17, సోమవారం

లేవలేదు.

నర్సమ్మకి ఫోను చేశాను. ఇరవై కుదరదన్నాను. గడియారం సెలవు ఇవ్వడు. "మీకు వీలైనప్పుడే చెప్పండమ్మా, మేం తొందరపెట్టం" అంది. తొందరపెడితే బాగుండును. ఎవరైనా జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతే బాగుండును, తిట్టుకుంటూ వెళ్ళిపోయేదాన్ని.

అక్కకి ఆఫీసు పని అని చెప్పాను. "అలాగేనే" అంది. దాని గొంతులో ఏమీ లేదు. ఎంత వెతికినా ఏమీ లేదు.

మార్చి 19, బుధవారం

మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. ఈసారి తీశాను.

అక్క చెయ్యి పనికి రాకుండా పోయింది. డయాలసిస్‌కి సూదులు గుచ్చే నరం మూసుకుపోయింది. పొద్దున మిషను ఎక్కించబోతే రక్తం రాలేదట. మెడలో గొట్టం వేశారు. నేను వెళ్ళేసరికి మెడకి కట్టుతో, తల తిప్పలేక, కళ్ళు మాత్రం తిప్పి నన్ను చూసింది. "మెడదాకా చొక్కా గుండీలు పెట్టుకున్న కోడిలా ఉన్నాను కదే" అంది. నవ్వాను. నవ్వు మధ్యలో ఏడుపైంది. అది నా ఏడుపు చూడనట్టు టీవీ వైపు కళ్ళు తిప్పుకుంది.

వరండాలో బావ చెప్పాడు. మెడలో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదట. చీము పడితే రక్తంలోకి పోతుందట. ఇంకో చేతిలో నరాలు సన్నం. చెప్పి, నా మొహం చూడకుండా, "నీ ఆఫీసు పని ఎంతవరకొచ్చిందమ్మా" అన్నాడు. పెద్దమనిషి. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఎంత కూడగట్టుకున్నాడో.

రాస్తాను.

పదకొండో తారీఖున డాక్టరుగారు తలుపు వేసి అన్న మాట ఇది. "ఇది మీకొక్కరికే చెప్తున్నాను. అవయవం ఇచ్చే ప్రతివాళ్ళకీ చెప్తాం. మీకు ఇష్టం లేకపోతే నాతో అంటే చాలు. పరీక్షల్లో సరిపోలేదని వాళ్ళకి నేను చెప్తాను. అసలు సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు."

బయటికి వచ్చి, అంతా బాగుందన్నారని బావకి చెప్పాను. ఆ రోజు నుంచి నా వీపు వెనక ఒక తలుపు తెరిచి ఉంది. మూసెయ్యడానికి చెయ్యి రాదు, అందులోంచి వెళ్ళిపోవడానికీ కాలు రాదు. ఈ ప్రపంచంలో నన్ను ఇష్టమా అని అడిగిన ఒకే ఒక్క మనిషి ఆ డాక్టరు. నేను జవాబు చెప్పలేదు. ఆలోచించుకుంటానని కూడా అనలేదు. థాంక్సండీ అన్నాను.

మార్చి 20, గురువారం

గడియారం పిలిచాడు. మా అక్క సంగతి టీచరమ్మ చెప్పారట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఆవిడకేం పని అని. కూర్చోమన్నాడు. చేతికి వాచీ లేదు, తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"సెలవు ఎప్పటినుంచి కావాలో చెప్పండి" అన్నాడు.

స్క్రిప్టు ఇంకా కాలేదన్నాను. కాకపోతే పాత సర్వర్లు ఇంకో నెల ఉంచమని అడుగుతాం, అదేం పెద్ద సంగతి కాదన్నాడు. మీరు ఇవ్వరేమో అనుకున్నానన్నాను.

"మీరు అడగనే లేదు కదండీ."

బల్ల మీద వాచీ టిక్కుటిక్కుమంటోంది. అవును, అడగలేదు. ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో వెనక్కి తిప్పి చూడబుద్ధి కాలేదు. మనిషి అడగనిదే ఆయన ఎలా ఇస్తాడు?

మార్చి 21, శుక్రవారం

టీచరమ్మ కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకున్నారు. తెర చూడనన్నారు. "మీరు నడపండి. నేను మీ చేతులు చూస్తాను" అన్నారు. పరీక్ష రాసే పిల్లలకి కాపలా ఉన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నడిపాను. మిషన్లు పుట్టాయి. తెర మీద వరసలు పరిగెడుతున్నాయి. కొంతసేపటికి కింది మిషన్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. చూశారా, లేచింది అన్నాను.

"మధ్యలో మీరేదో నొక్కారు."

లేదన్నాను. ఒట్టు అన్నాను. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నానని కూడా అన్నాను. చూపుడువేలు లేచింది. "ఎంటర్ నొక్కారు. చిటికెనవేలితో. టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ నొక్కారు" అన్నారు.

మళ్ళీ నడిపాం. ఈసారి నన్ను చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. వరసలు పరిగెత్తి పరిగెత్తి ఒక చోట నిలిచిపోయాయి. ఆ మందలో ఒక వాక్యం, అన్నిటి మధ్యా తెలుగులో, నేనే సరదాకి రాసుకున్న వాక్యం, కళ్ళ ముందే ఉంది.

ముందుకు వెళ్ళమంటారా?

దాని పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది. తప్పు మిషను చెరిపిన మర్నాడు, మళ్ళీ ఒక మిషను బదులు ఇంకోటి రాకూడదని, చేర్చే ముందు ఒకసారి ఆగి అడగమని రాశాను. మనిషి ఎంటర్ నొక్కితే వెళ్ళు, జవాబిచ్చేవాళ్ళు లేకపోతే అల్లరి చెయ్యకుండా ఆగిపో అని రాశాను. తెల్లవారుజామున గదిలో ఎవరూ లేరు. అది బుద్ధిగా అడిగింది. జవాబు రాలేదు. బుద్ధిగా ఆగిపోయింది. నేనున్నప్పుడల్లా, నాకే తెలియకుండా, నా వేలు జవాబు చెప్తూ వచ్చింది.

టీచరమ్మ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. ఆ వరస ఇప్పుడే తీసేద్దామా అని ఆవిడ అడిగారు.

ఇవాళ్టికి ఉండనివ్వండి అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. కుర్చీ తీసుకుని వెళ్ళిపోయారు.

మార్చి 22, శనివారం

అంతా రాసి పెట్టుకోవాలి. మాట పోకుండా.

పక్క కుర్చీ పెద్దాయనని పరీక్షకని లోపలికి తీసుకెళ్ళారు. ఆయన తమ్ముడు పేపరు మడిచి వెంట వెళ్ళాడు. అక్క ఆ ఖాళీ కుర్చీ వైపు కళ్ళు తిప్పి, డాక్టరు నిన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడాడు కదా అంది. మామూలు మాటలే అన్నాను.

"ఏం మాట్లాడాడో నాకు తెలుసు. ఇన్నాళ్ళు ఈ కుర్చీలో పడుకుంటే అన్నీ చెవిన పడతాయి. ఈ పెద్దాయన తమ్ముడిదీ సరిపోలేదన్నారు. ఆయన నమ్మాడు. నమ్మడమే నయం. కానీ తమ్ముణ్ణి చూశావా, ఎప్పుడూ పేపరు చాటునే."

సరిపోలేదేమో నిజంగానే, మనకేం తెలుసు అన్నాను. తెలీదు, నిజమే అయ్యుండొచ్చు, నాకూ అనవసరం అంది. తర్వాత చాలాసేపు ఐసు చప్పరించింది.

"నిన్ను ఎవరం అడగలేదే. మీ బావ ఏడ్చాడు, నువ్వు తలూపావు. నేను అటు తిరిగి పడుకున్నాను. అడిగితే వద్దంటావేమోనని. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు నీ కిడ్నీ ఇస్తావా?"

భయమేస్తోందక్కా అన్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఈ పుస్తకంలోనూ రాయలేదు. నిద్రపుచ్చాక లేవనేమోనని భయం. లేచాక నేను నేనులా ఉండనేమోనని భయం. ఇచ్చింది నీకు పడకపోతే ఎలా అని భయం. అన్నీ చెప్పేశాను. చెప్పి, నీ మీద కోపం కూడా ఉందన్నాను. అటు తిరిగి పడుకున్నందుకు.

"ఉండాలి మరి" అంది. "భయం నాకూ ఉంది."

"ఇవ్వనంటే?" అన్నాను.

మెడ తిప్పలేదు కదా, నన్ను తన కళ్ళ ముందుకి రమ్మని వేలు ఊపింది. లేచి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఇవ్వనంటే నాకు మిషనుంది, ఈ కుర్చీ ఉంది. ఉన్నన్నాళ్ళు ఉంటాను. నువ్వు మాత్రం శనివారాలు రావాలి. వచ్చి ఇలాగే నా మొహంలోకి చూసి మాట్లాడాలి. పేపరు చాటున కూర్చున్నావంటే చంపుతాను."

అంతలో నర్సు వచ్చి గొట్టం సరిచేసింది. పెద్దాయన్ని తీసుకొచ్చారు. సోమవారం చెప్తానన్నాను. సరే అంది. దారిలో ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా చాలా దూరం నడిచాను.

మార్చి 23, ఆదివారం

పై వాటాలో ఇవాళ కుర్చీ జరపలేదు. జరిపినా నాకు వినపడలేదు.

మార్చి 24, సోమవారం

ఆ వరస తీసేశాను. చెరిపే మిషను పేరు స్క్రిప్టే ఒకటికి రెండుసార్లు సరిచూసుకునేట్టు రాశాను. అది దాని పని, దాన్నే చూసుకోనీ. మనిషిని అడగక్కర్లేదు.

టీచరమ్మ కమాండు కొట్టారు. కొట్టి, పదండి అన్నారు. గదిలో ఎవరూ ఉండకూడదని ఆవిడ పంతం. రోడ్డు దాటి ఎదుటి స్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. బోర్డు నల్లబడింది. మిషన్లు చెరిగిపోయాయన్నమాట. గొడుగు పట్టుకున్న ఒకాయన బోర్డు కేసి చూసి, ఎప్పుడూ ఇంతే అని గొణిగాడు. నాకు రెండు చేతులూ దురద పెట్టాయి. తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పరిగెత్తుకెళ్ళి ఏదో ఒకటి నొక్కితే తప్ప లేవదని లోపల ఎవరో అరుస్తున్నారు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. బోర్డు నల్లగానే ఉంది. టీచరమ్మ తన స్కూలు కథ ఏదో చెప్తున్నారు, ఒక్క ముక్క చెవిన పడలేదు.

తర్వాత వెలిగింది.

ఒక వరస, దాని కింద ఇంకో వరస, ఏ బస్సు ఎంతసేపట్లో. గొడుగాయన తన బస్సు వచ్చేస్తోందని గొడుగు ముడిచాడు. మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. నేను ముట్టుకోలేదు. నేను గదిలో లేను. అది లేచింది.

నాకు కాస్త బాధేసింది కూడా. రాసుకుంటే తప్పేముంది.

టీచరమ్మ పైకి వెళ్ళారు. నేను అక్కడే కూర్చుని ఫోను తీశాను. ముందు డాక్టరుకి చెయ్యనా అనుకున్నాను. ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది, ఆయన ఎవరికీ చెప్పరు. అక్కకి చేశాను.

"ఇస్తానక్కా" అన్నాను.

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"భయం తగ్గిందా?" అంది.

లేదన్నాను.

"సరే. సెలవు చీటీ ఇచ్చిరా ముందు" అని పెట్టేసింది.

నర్సమ్మకీ నేనే చేశాను. ఇరవయ్యెనిమిది అంది. పెన్సిలుతో వద్దు, పెన్నుతో రాసుకోండి అన్నాను.

మార్చి 27, గురువారం

ఆస్పత్రి గది. కిటికీలోంచి ఇంకో బిల్డింగు గోడ కనిపిస్తుంది, అంతే. పక్క గదిలో అక్క. డాక్టరుగారు వచ్చి, బావని బయటికి పంపి, అదే మాట మళ్ళీ అడిగారు. ఇప్పటికైనా వద్దనొచ్చు అన్నారు. ఈసారి థాంక్స్ అనలేదు. ఇష్టమే అన్నాను. సంతకం పెట్టేటప్పుడు అక్షరం వంకర పోయింది. అయినా అది నా సంతకమే.

రాత్రినుంచి మంచినీళ్ళు కూడా తాగకూడదట. అప్పుడే దాహం మొదలైంది. అక్క గదిలోకి వెళ్ళి చెప్పాను. దాని కళ్ళు మెరిశాయి. "ఇప్పుడు తెలిసిందా" అంది. దాని ఐసు డబ్బా దగ్గరికి లాక్కుని, నాకు చూపించి ఊరించింది.

కాళ్ళు ఊరుకోవడం లేదు. భయంగా ఉంది. ఈ పుస్తకం బావకి ఇస్తాను. చదవడు, మంచివాడు.

మార్చి 31, సోమవారం

లేచాను.

రాయలేకపోతున్నాను, కుట్లు లాగుతున్నాయి. దగ్గితే ప్రాణం పోతోంది. టీచరమ్మ మెసేజి పెట్టారు. పాత సర్వర్లు పట్టుకెళ్ళిపోయారట. క్లస్టరులో ఒక మిషను కూలి, దాని బదులు ఇంకోటి దానంతటదే లేచిందట. మీరు కంగారు పడాలని కాదు, ఊరికే చెప్తున్నా అన్నారు.

అక్క నాకు ఇంకా కనపడలేదు. అద్దాల గదిలో ఉంది, నన్ను పోనివ్వరు. నాదిప్పుడు దాని ఒంట్లో పనిచేస్తోందని డాక్టరుగారు చెప్పారు. బావ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

నర్సు అక్కకి నీళ్ళిచ్చిందట. బుల్లి గ్లాసు కాదు, మామూలు గ్లాసు. అక్క మొత్తం తాగి, ఇంకో గ్లాసు అడిగిందట.